ముగ్గు పెట్టడానికి వాకిలే కనపడలేదక్కా

ప్రశ్న: అక్కా, మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మావారికి జపాన్‌లో, నీగాతా వైపు నగావోకా అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉద్యోగం. మొన్న ఏప్రిల్‌లో నేనూ, ఐదేళ్ల మా బాబూ వచ్చాం. కంపెనీ వాళ్లు ఒక పాత ఇల్లు అద్దెకు చూసిపెట్టారు. డిసెంబర్‌లో మొదటిసారి స్నో పడితే ఫొటోలు తీసి ఊళ్లో అందరికీ పంపాను. ఇప్పుడు ఆ ఫొటోలు చూస్తే ఏడుపొస్తోంది. మావారు రాత్రి ఎంత తోసినా, తెల్లారేసరికి గుమ్మం ముందు మళ్లీ తొడల ఎత్తు గోడ. ఆయన ఏడింటికి వెళ్లిపోతారు, మిగిలింది నేను పారతో ఎత్తి పోయాలి. నడుం పట్టేసింది. మొన్న ఇంటి ముందు కాలువ మూత తీసి మంచంతా అందులోకి తోస్తుంటే, పక్కింటి ముసలావిడ పరుగున వచ్చి చేతులు అడ్డంగా పెట్టి ‘దమె, దమె’ అని అరిచింది. ఆ రోజు నుంచి బయటికి రావాలంటే టెన్షన్. సంక్రాంతికి ముగ్గు పెడదామంటే వాకిలే కనపడలేదు. ఎండ చూసి ఎన్నాళ్లయిందో. ఫిబ్రవరిలో మావారు పాస్‌పోర్ట్ పని మీద టోక్యోకి కారులో తీసుకెళ్తానంటున్నారు. నేను మాత్రం బాబుని తీసుకుని ఏప్రిల్ దాకా ఊరెళ్లిపోదామనుకుంటున్నాను. తప్పంటారా?

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. నేను ఈ నీగాతా వైపు పద్నాలుగు చలికాలాలు గడిపాను. మొదటి చలికాలంలోనే చెయ్యి విరిచేసుకున్నాను. ఆ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నువ్వూ అదే పని చేసేలా ఉన్నావు.

మన ఇళ్లలో పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతాం కదా. నాకూ చేతులు ఊరుకోలేదు. గుమ్మం మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటే, బకెట్ నిండా వేడినీళ్లు కాచి సాయంత్రం పూట కళ్లాపి చల్లినట్టు పోసేశాను. చిటికెలో కరిగిపోయింది. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా. రాత్రికి ఆ నీళ్లన్నీ అద్దంలా గట్టిపడ్డాయి. పొద్దున చెత్త సంచీతో బయటికి అడుగు పెట్టానో లేదో, కుడి మణికట్టు విరిగింది. కాబట్టి మెట్ల మీద వేడినీళ్లు వద్దు, కారు అద్దం మీద అసలే వద్దు, పగుళ్లిస్తుంది.

ఇంకో సంగతి కూడా తెలిస్తే నీ చిరాకు సగం తగ్గుతుంది. మన భాషలో మంచు అంటే అన్నీ మంచే. ధనుర్మాసంలో గడ్డి మీద పడేదీ మంచే, లంబసింగిలో పొద్దున కమ్ముకునేదీ మంచే. నగావోకా మంచు ఆ జాతి కాదు. ఇక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైనే ఉంటుంది. అంటే చలి మరీ ఘోరం కాదు, తడి ఘోరం. సైబీరియా నుంచి వచ్చే పొడి చలిగాలి జపాన్ సముద్రం మీద, అందులోని వెచ్చటి ప్రవాహం మీద నుంచి వస్తూ నీటిని మోసుకొస్తుంది. ఇక్కడి కొండలకు కొట్టుకుని ఆ మోతంతా దించేస్తుంది. కొండ దాటాక పొడిగాలే మిగులుతుంది. అందుకే టోక్యో వాళ్లు జనవరిలో దుప్పట్లు ఎండేసుకుంటుంటే మనం పారలు పట్టుకుంటాం. డిసెంబర్‌లో ఉరుములు విన్నావా? వానాకాలం కాకుండా ఉరుములేమిటని నేను భయపడ్డాను. ఇక్కడి వాళ్లు వాటిని ‘యుకి ఒకొషి’ అంటారు, మంచుని నిద్రలేపే ఉరుములని. అవి వినపడితే బట్టలు లోపల పెట్టి, పార గుమ్మం లోపలికి తెచ్చుకోవాలి. పార బయటే ఉండిపోతే పొద్దున పార కోసం తవ్వడానికి ఇంకో పార కావాలి.

ఇక నీ నడుం సంగతి. నువ్వు పారతో ఎత్తి పోస్తున్నానని రాశావు. తప్పంతా అక్కడే ఉంది. కొత్తగా పడ్డ మంచు క్యూబిక్ మీటరుకి 50 నుంచి 150 కిలోల దాకా బరువుంటుంది. నాలుగు రోజులు అణిగితే 300 కిలోలు దాటేస్తుంది. గుమ్మం ముందు కనిపించే ఆ గోడ ఆకాశం నుంచి పడింది కాదు, మంచు తోసే బండి రోడ్డు మీది మంచుని నొక్కి పక్కకు నెడుతూ వదిలేసింది. దాన్ని ఎత్తాలనుకోకు, తోయాలి. ‘స్నో డంప్’ అని పెద్ద చేటలాంటి తొట్టి, దానికి వంగిన పిడి ఉన్న సామాను హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ఇక్కడి వాళ్లు దాన్ని ముద్దుగా ‘మామాసాన్ డంప్’ అంటారు, ఇంట్లో అమ్మ కూడా తోయగలదని. మోకాలితో నెట్టి నింపాలి, జారుస్తూ తీసుకెళ్లాలి, కాస్త వంచితే చాలు ఖాళీ అవుతుంది. తడి మంచు అంటుకుని రాకపోతే లోపలి వైపు కొవ్వొత్తి రుద్దు, లేదా సిలికాన్ స్ప్రే కొట్టు. పార గట్టిపడ్డ అంచులు చెక్కడానికి మాత్రమే.

వేళ కూడా ముఖ్యమే. ఆ బండ్లు అర్ధరాత్రి దాటాక, రెండు మూడింటికి బయల్దేరి జనం ఆఫీసులకు వెళ్లేలోపు పని ముగిస్తాయి. మీ ఆయన రాత్రి పదింటికి తోస్తే, బండి వచ్చి మళ్లీ గోడ కట్టిపోతుంది. అంటే ఆయన కష్టం వృథా. బండి వెళ్లిన చప్పుడు విన్నాక, ఆ గడ్డలు బిగుసుకోకముందే ఇద్దరూ కలిసి అరగంట తోయండి. ఆయన ఏడింటికి వెళ్తారంటే ఆరింటికి లేవక తప్పదు. సంక్రాంతి నెలంతా నాలుగింటికి లేచి ముగ్గులేసే ఊరి పిల్లకి ఇది నేను చెప్పాలా? మంచు బాగా పడే రోజున పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, చీకటి పడేముందు ఒకసారి తోస్తే ఏ ఒక్కసారీ నడుం మీదికి రాదు. కుప్పపడనిచ్చి ఆదివారం చూద్దాంలే అనుకుంటేనే చస్తాం.

ఇప్పుడు అసలు విషయం, పక్కింటి బామ్మ. ‘దమె’ అంటే వద్దు అని. ఆవిడ నిన్ను తిట్టిందనుకుని నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు. నాకేమో ఆవిడ నిన్ను కాపాడిందనిపిస్తోంది. ఆ కాలువ మురుగు కాలువ కాదు. దాన్ని ‘ర్యూసెత్సుకో’ అంటారు. మంచుని కొట్టుకుపోనివ్వడానికే వదిలే నీళ్లవి. కానీ ఆ నీళ్లు ఊరంతటికీ ఒకేసారి చాలవు కాబట్టి వంతులుంటాయి. ఈ వీధికి ఫలానా వేళ, పై వీధికి ఫలానా వేళ అని కాగితం మీద రాసి ఇస్తారు. వంతు కాని వేళ, నీళ్లు లేని కాలువలో మంచు కుక్కితే అది అడ్డుకట్టలా బిగుసుకుంటుంది. తర్వాత వచ్చిన నీళ్లు వెనక్కి తన్ని ఎవరో ఒకరి గుమ్మంలోకి పోతాయి. వంతు వేళలోనైనా పెద్ద గడ్డలు అలాగే దొర్లించకూడదు, ముక్కలు చేసి కొంచెం కొంచెం వెయ్యాలి. ఇక మూత. తీసిన మూత పెట్టకుండా లోపలికొచ్చేస్తే, పైన కొత్త మంచు కప్పుకున్నాక అక్కడ గుంత ఉందని ఎవరికీ తెలియదు. మీ బాబు ఐదేళ్లవాడు. ఇప్పుడు చెప్పు, ఆవిడ ఎందుకు పరిగెత్తిందో.

మన గోదావరి డెల్టాలోనో, కృష్ణా కాలువల కిందో రైతుల్ని అడుగు, నీటి వంతు తప్పితే ఊళ్లో ఏమవుతుందో చెప్తారు. ఇక్కడ అరుపుతో సరిపోయింది.

కాబట్టి ఏం చెయ్యాలంటే, ఒక చిన్న డబ్బాలో జంతికలు పెట్టుకుని వాళ్లింటికి వెళ్లు. ‘సుమిమాసెన్’, అంటే క్షమించండి, అని తల వంచి, కాలువ వైపు చూపించి ‘నాన్‌జి దెసు కా’ అని అడుగు, ఎన్నింటికి అని. అంతే. ఆ రెండు మాటలకే ఆవిడ కాగితం తెచ్చి, వేళ కింద గీత గీసి ఇస్తుంది, నాకు గట్టి నమ్మకం. జంతికలే ఎందుకన్నానంటే, ఆ ఊరి వాళ్లకి కారం బియ్యప్పిండి చిరుతిండి అంటే ప్రాణం. ‘కాకి నొ తానె’ పుట్టింది నగావోకాలోనే. ఆ చిరుతిండి కంపెనీ పెట్టిన ఇమాయ్ యోసబురో అనే ఆయనే, భూగర్భజలం ఊరే చోట మంచు నిలవడం లేదని గమనించి, రోడ్డు మధ్యలో గొట్టాలు వేసి ఆ నీళ్లు చిమ్మిద్దామన్నాడు. 1961లో నగావోకాలో మొదలైంది, ఇప్పుడు మంచు కురిసే ఊళ్లు చాలావాటిలో ఉంది. మీ మెయిన్ రోడ్డు మధ్యలో ఫౌంటెన్‌లా చిమ్మే నీళ్లు అవే. 13, 14 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది కాబట్టి మంచు కరిగిపోతుంది. నీళ్లలో ఇనుము ఉండబట్టి రోడ్లన్నీ తుప్పు రంగు. తెల్ల ప్యాంటు వేసుకుని ఆ రోడ్ల మీద నడవకు. ఫర్ పెట్టిన ఫ్యాషన్ బూట్లు కూడా అక్కడ నానిపోతాయి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కో, లోపల మందపాటి ఉన్ని మేజోళ్లు. అందంగా ఉండవు, కానీ ఆ ఊళ్లో బ్యాంకు మేనేజరు కూడా అవే వేసుకుంటాడు.

తోసిన మంచు ఎక్కడ పొయ్యాలన్నది ఆ ఊళ్లో అన్నిటికన్నా పెద్ద మర్యాద. రోడ్డు మీదికి తోయకూడదు, అవతలి వాళ్ల హద్దులోకి అసలు తోయకూడదు. మీ పెరట్లోనో, వీధి వాళ్లు కుప్ప పోసే ఖాళీ స్థలంలోనో పొయ్యాలి. అదెక్కడో కూడా బామ్మనే అడుగు. ఇంకో మాట, నీకు ఓపికున్న రోజున ఆవిడ గుమ్మం ముందు కూడా ఒక మీటరు దారి తోసెయ్. మనం వాకిలి ఊడ్చేటప్పుడు పక్కింటి వాళ్లు ఊరెళ్లి ఉంటే అటువైపు కూడా నాలుగు చీపురు పోట్లు వేస్తాం కదా, అలాగన్నమాట.

పైకప్పు మాత్రం ముట్టుకోవద్దు. మీ ఆయన్ని కూడా ఎక్కనివ్వద్దు. ఇది సలహా కాదు, ఖచ్చితంగా చెప్తున్నాను. 2005-06 చలికాలంలో మంచు వల్ల జపాన్‌లో 152 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మంచు తీస్తూ పోయినవాళ్లే, అందులోనూ పెద్దవయసు వాళ్లే ఎక్కువ. పుట్టినప్పటి నుంచి కప్పులెక్కిన వాళ్లకే ఆ గతి పడితే, అనకాపల్లి కుర్రాడికి ఏం అనుభవం ఉంటుంది? కప్పు మీద మీటరు దగ్గరికి వస్తోందనిపించినా, తలుపులు బిగుసుకుని జరక్కపోయినా ఇంటి యజమానికి ఫోన్ చెయ్యండి, కంపెనీలో చెప్పండి. కప్పు మంచు తీయించే ఖర్చు ఎవరిదో అద్దె కాగితంలో ఇప్పుడే చూసుకోండి, మోత ఎక్కాక కాదు. బాబుని చూరు కింద ఆడుకోనివ్వకు. మంచు పడుతున్న రోజుకన్నా, ఆ తర్వాత కాస్త ఎండ వచ్చిన రోజే ఎక్కువ ప్రమాదం. కప్పు మీది పొర ఒక్కసారిగా జారుతుంది, చప్పుడు వినపడేలోపే కింద ఉంటుంది.

ఇంట్లో కిరోసిన్ హీటర్ వాడుతుంటే గంటకోసారి రెండు నిమిషాలు కిటికీ తెరవాలి. పొగ బయటికి పోయే గొట్టం ఉన్న హీటరైతే, ఆ గొట్టం మూతి గోడ బయట మంచులో కూరుకుపోలేదు కదా అని రోజూ చూడాలి. మనం సాంబారు మరిగించి, లోపలే బట్టలు ఆరేసి, కిటికీలు బిగించుకుంటాం కాబట్టి అద్దాల మీద నీళ్లు కారి, బీరువా వెనక బూజు పడుతుంది. పొద్దున్నే తుడిచెయ్, బీరువా గోడకి నాలుగు వేళ్ల దూరం జరుపు.

టోక్యో ప్రయాణం రైల్లోనే. 2020 డిసెంబర్‌లో కాన్-ఎత్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద దాదాపు 2,100 బండ్లు మంచులో చిక్కుకుపోయాయి. అందరూ బయటపడేసరికి రెండు రోజులు పట్టింది. మీ ఆయన టోక్యోకి పోవాల్సిన దారి అదే. షింకాన్‌సెన్ ఎక్కితే గంటన్నర, పావుతక్కువ రెండు గంటల్లో టోక్యో. ఆ రైలు పట్టాల మీద మంచు నిలవకుండా, మంచు ఎక్కువ పడే చోట్ల నీళ్లు చిమ్ముతారు. టికెట్ డబ్బులు ఎక్కువే, ముగ్గురికి ఇంకా ఎక్కువ, తెలుసు. అయినా ఇందులో బేరం లేదు. ఊళ్లో తిరగడానికి కారు తీసినా, చక్రాలకి చలికాలపు టైర్లు ఉండాలి, డిక్కీలో ఒక పార, దుప్పటి, తినడానికేమైనా ఉండాలి. ఎక్కడైనా మంచులో ఇరుక్కుంటే ఇంజిన్ ఆపెయ్యాలి. ఆన్‌లో ఉంచక తప్పకపోతే దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీస్తూనే ఉండాలి. గొట్టం మూసుకుపోతే విషవాయువు కారులోకి వస్తుంది, దానికి వాసనుండదు.

ఇక నీ ఏడుపు. ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, ఎండ చూసి ఎన్నాళ్లయిందో అని. జనవరిలో టోక్యోకి 190 గంటల ఎండ దొరికితే నీగాతాకి 60 గంటలు కూడా దొరకదు. అనకాపల్లిలో పుట్టిన ఒంటికి ఇది మామూలు దెబ్బ కాదు. నీ మనసు చేతకానిదై కాదు, ఆకాశం అలాంటిది. మబ్బుగా ఉన్నా సరే, మధ్యాహ్నం అరగంట బయట ఉండు. మంచు మీద పడి వచ్చే వెలుగు ఇంట్లో ట్యూబులైటు కంటే చాలా ఎక్కువ. విటమిన్ డి సంగతి డాక్టర్ని అడుగు. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, బాబు మీద ఊరికే విసుక్కుంటున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, సిగ్గుపడాల్సిందేం లేదు. నగావోకాలో విదేశీయుల కోసం ‘చిక్యూ హిరోబా’ అని నగర పాలక సంస్థ వాళ్ల కేంద్రం ఉంది, భాష రాదన్న భయం లేకుండా అక్కడ అడగొచ్చు.

ఊరెళ్లడం తప్పా అన్నావు. తప్పేం లేదు. కానీ ఇప్పుడు, ఇలా వద్దు. ఆ బామ్మ మీద భయంతో, మీ ఆయన మీద అలకతో వెళ్తే ఏప్రిల్‌లో తిరిగి రావడం ఇంకా కష్టమవుతుంది. వచ్చే ఏడు సంక్రాంతికి ముందే టికెట్లు కొనుక్కుని మూడు వారాలు హాయిగా వెళ్లిరా. వెళ్లేముందు నీళ్ల గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో యజమానిని అడుగు, వీధిలో చెప్పి వెళ్లు. మళ్లీ జంతికలు పెట్టి చెప్పు. ఈ ఏడాది మటుకు ఇంకో ఆరేడు వారాలు ఓర్చుకో. నగావోకాలో 1963 జనవరిలో 318 సెంటీమీటర్లు పేరుకుంది. మీ పక్కింటి బామ్మ అప్పుడు పిల్ల అయి ఉండాలి. భాష కొంచెం వచ్చాక అడుగు, మేడ మీది కిటికీలోంచి రాకపోకలు సాగించిన కథలు ఆ వయసువాళ్ల దగ్గర చాలా ఉంటాయి. ఆ కొండల మంచంతా ఏప్రిల్, మే నెలల్లో కరిగి పొలాలకి దిగుతుంది. నువ్వు అన్నం ముద్దయిపోతోందని తిట్టుకునే కోషిహికారి బియ్యానికి చెరువు ఆ కొండలే.

ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, రాత్రి ఆకాశం తేటగా ఉండి బాగా చలేసిందనుకో, పొద్దున ఆరింటికి బాబుని లేపి పొలాల వైపు తీసుకెళ్లు. పగలు కరిగి రాత్రి బిగుసుకుని, మంచు పై పొర గచ్చులా అయిపోతుంది. ‘షిమివతారి’ అంటారు. మీటరు లోతు మంచు మీద, గట్లూ కంచెలూ ఏవీ అడ్డు లేకుండా ఎటు కావాలంటే అటు నడిచిపోవచ్చు. అవసరమైతే ముగ్గుపిండి పట్టుకెళ్లు, అంత పెద్ద వాకిలి నీకు ఇంకెక్కడా దొరకదు. తెల్లటి దాని మీద తెల్ల పిండి కనపడదనుకుంటే పసుపు, కుంకుమ కలుపుకో. కాలువలున్న వైపు మాత్రం పోకండి, అక్కడ కింద బోలుగా ఉంటుంది. ఎనిమిదిన్నర లోపు వెనక్కి తిరగండి. ఎండ ఎక్కితే పొర మెత్తబడి తొడల దాకా దిగిపోతారు, కాలు వస్తుంది గానీ బూటు రాదు. నా ఎడమ బూటు అలా ఉండిపోయింది, ఏప్రిల్‌లో నారుమడి గట్టు మీద దొరికింది.